నడవాలో ముసలామె

ఆ ఇంటి ముందు ఇప్పుడొక ఇత్తడి పలక పెట్టారు. ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క చెరోకీ అనే అమెరికా ఆదివాసుల అక్షరాలు. తూర్పు నుంచి సైనికులు చెరోకీలని పశువుల్ని తోలినట్టు తోలుకొస్తే, బతికి బయటపడి ఓక్లహోమా కొండల్లోకి వచ్చిన మనిషి, తన చేతుల్తో ఓక్ దుంగలు చెక్కి కట్టుకున్న ఇల్లని దాని మీద రాశారు. అంతవరకు బాగానే ఉంది. కిందే ఇంకో వాక్యం చేర్చారు. ఆయన మునిమనవరాలు క్వేటీ ఈ ఇంటిని ఎంతగానో ప్రేమించి, దాదాపు అరవై ఏళ్ల పాటు ఒక్క రాత్రి కూడా వదిలి ఉండలేదట. ప్రేమట! అది చదివినప్పుడల్లా వాండాకి ఒళ్లు మండిపోతుంది. పలక చెక్కించినవాళ్లు క్వేటీ మనవరాలిగా తను ఇంకా బతికే ఉందని తెలుసుకుని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. అడగలేదు. అడగకపోయినా చెప్పేస్తుందనుకోండి, అది వేరే సంగతి.

అసలు ఆ ఇల్లంటే చిన్నప్పుడు వాండాకి చచ్చేంత భయం. రెండు దుంగల గదులు, రెంటి మీదా ఒకటే కప్పు, మధ్యలో రెండు వైపులా తెరిచి ఉన్న నడవా. గాలి ఆ నడవాలోంచి పోతుంటే ఎవరో మూలిగినట్టు ఉండేది. అటక మీద పట్టపగలే చీకటి. పొయ్యి గూట్లో ఒకసారి నల్లటి పాము చుట్ట చుట్టుకుని పడుకుంటే, క్వేటీ అమ్మమ్మ దాన్ని చీపురుతో అవతలికి నెట్టి, ఏమీ జరగనట్టు బీన్స్ రొట్టె చేసుకుంది. అమ్మమ్మకి దేనికీ భయం లేదని ఊరంతా అనేది. వాండా కూడా అలాగే అనుకునేది.

వాండాకి తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పుడు, స్ట్రాబెర్రీలు పండే రోజుల్లో, అమ్మమ్మ మంచాన పడింది. ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. ఊపిరి తీస్తే ఛాతీలో నీళ్లు కదిలినట్టు చప్పుడు. కారులో వచ్చిన నర్సు చూసి, ఆసుపత్రిలో చేర్చకపోతే మనిషి దక్కదని మొహం మీదే చెప్పేసింది. అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా, లే," అన్నాడు హూస్టన్ మామ. అమ్మకి తమ్ముడు. నిజంగానే కాళ్లు పట్టుకున్నాడు కూడా.

"ఈ గడప దాటను."

"ఈ కొంపలో ఏముందే! పాములూ గబ్బిలాలూ తప్ప!"

"అయితే నువ్వెళ్లి ఆసుపత్రిలో పడుకో. నేనిక్కడే ఉంటా."

ససేమిరా అంది. అమ్మ ఏడ్చింది, చర్చి పాస్టరు వచ్చి చెప్పాడు, ఎవరు చెప్పినా అదే మాట. ఇల్లంటే అంత పిచ్చి ముసలిదానికి అని అందరూ తలలు పట్టుకున్నారు.

దానికి తోడు గుడ్లగూబ ఒకటి సాయంత్రం పూట పొగగొట్టం మీద వాలి కూసింది. అది విని మామ మొహం పాలిపోయింది. ఆ కొండల్లో రోగి ఉన్న ఇంటి మీద గుడ్లగూబ వాలితే ఎందుకొచ్చిందో పిల్లలకి కూడా తెలుసు. మంత్రగాళ్లు ఉంటారు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి ఏదో ఒక రూపంలో వస్తారు, మిగిలిన ఆయుష్షు తినేసి పోతారు. అన్నింటికంటే పాపిష్ఠి రకం బొంతకాకి గొంతుతో అరిచేది. ఎందరి బతుకులో మింగి ఉంటుంది కాబట్టి దాని మొహం నిండా ముడతలే ముడతలు. అందుకే రోగిని ఒంటరిగా వదలరు. మంత్రం తెలిసిన పెద్దమనిషి పొగాకు పట్టుకుని కాపలా కూర్చుంటాడు. 'నిన్ను గుర్తుపట్టాను' అని దాని మొహం మీద అనేస్తే చాలు, వారం తిరిగేలోపు అదే చస్తుంది.

కాపలాకి ఆ మంత్రం తెలిసిన పిజియన్ తాతని తీసుకురావడానికి మర్నాడు మధ్యాహ్నం మామ ట్రక్కు తీశాడు. అమ్మ స్ట్రాబెర్రీ తోటలో కోతకి వెళ్లింది. వెళ్లకపోతే ఆ పని పోతుంది. ఇంట్లో మిగిలింది వాండా.

"ఒసేయ్, చెవులు రిక్కించి విను," అన్నాడు మామ, చిన్న డబ్బా మూతలో నిప్పు వేసి, మంత్రించిన పొగాకు పొట్లం చేతిలో పెడుతూ. "నేను తాతతో వచ్చేదాకా తలుపు తియ్యకు. ఎవరొచ్చినా ముందు వంశం అడుగు. మన మనిషైతే టక్కున చెప్తుంది. నసిగిందా, పొగ వదులు. భయపడకు."

"నాకేం భయం లేదు."

"అబ్బో, వీరనారి!" అని నెత్తి మీద మొట్టి వెళ్లిపోయాడు. కుక్క కూడా ట్రక్కు ఎక్కి పోయింది, దొంగ మొహంది.

వాండా తలుపుకి అడ్డకర్ర వేసింది. పొయ్యి దగ్గర కూర్చుంది. అమ్మమ్మ ఊపిరి లెక్కపెడుతూ, ఒకటి ఆలస్యమైతే తన ఊపిరి కూడా బిగబట్టేది. బయట ఎండ మసకబారింది. పడమట మబ్బు పట్టింది. పక్షులు ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నాయి.

అప్పుడు నడవా చెక్కల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

దుంగల మధ్య మట్టి రాలిపోయిన చోట సందు ఉంది. వాండా కన్ను పెట్టి చూసింది. ఒక ముసలామె. మే నెలలో నల్లటి కోటు, నల్లటి టోపీ, చేతిలో నల్లటి సంచీ. మొహం నిండా ముడతలు, వేలు పెట్టే చోటు లేకుండా. చుట్టుపక్కల ఎక్కడా చూసిన మనిషి కాదు. కారు చప్పుడు లేదు, బండి చప్పుడు లేదు. ఎటు నుంచి ఊడిపడిందో!

ఆమె తలుపు తట్టింది. "ఎవరైనా ఉన్నారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఇంగ్లీషు! ఆ మొహం చూస్తే చెరోకీ మొహమే. ఆ వయసు మనిషి తన భాష మాట్లాడకుండా ఇంగ్లీషు మాట్లాడ్డం వాండా ఎన్నడూ వినలేదు. బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు కూడదీసుకుంది.

"ఎవరు నువ్వు?"

"క్వేటీ ఇల్లు ఇదేనా తల్లీ? నేను దాని చెల్లెల్ని. ఐల్సీని."

వాండాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఐల్సీ ఎవరో తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మమ్మ వాళ్ల అమ్మా నాన్నా పోయాక, పిల్లల పేరున ఉన్న పొలాల కోసం కోర్టు ఒక తెల్లాయన్ని సంరక్షకుడిగా పెట్టింది. ఆయనే ఆరేళ్ల ఐల్సీని గుర్రబ్బండిలో ఎక్కించి ఉత్తరాన ఎక్కడో బోర్డింగ్ స్కూలుకి పంపాడు. ఆ చలికాలమే జ్వరంతో పోయిందని కబురు తెచ్చింది కూడా ఆయనే. ఐల్సీ చచ్చిపోయి అరవై ఏళ్లవుతోంది. చచ్చిపోయిన మనిషి తలుపు అవతల నిలబడి తన పేరు తనే చెప్తోంది. ఇక అనుమానమెందుకు? అక్క పోయే వేళకి చెల్లెలి రూపం తొడుక్కుని వచ్చింది, తలుపు తీయించుకోడానికి.

"ఎవరే?" అంది మంచం మీంచి అమ్మమ్మ, సగం మగతలో.

"ఎవరూ లేరు," అంది వాండా.

మామ చెప్పింది గుర్తు తెచ్చుకుని సందు దగ్గరికి మొహం పెట్టింది. "నీదే వంశం?"

"వంశమా? అంటే?"

చూశారా! ఆ కొండల్లో మాటలొచ్చిన పిల్ల ముందు వంశం చెప్పి తర్వాత పేరు చెప్తుంది. అది తల్లి కడుపులోంచి తెచ్చుకునేది. తోడేలు వంశమో, జింక వంశమో, పక్షి వంశమో లేని మనిషి ఉండదు. ఉంటే మనిషి కాదు.

"మీ అమ్మ పేరేంటి?"

"అమ్మ అనే పిలిచేదాన్నమ్మా. పేరు... నాకు తెలీదు."

తొమ్మిదేళ్ల పిల్లకి ఇంకేం రుజువు కావాలి చెప్పండి? వాండా ఉన్న ధైర్యమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"నిన్ను గుర్తుపట్టాను! నేను నిన్ను గుర్తుపట్టేశాను!"

అరిచాక మంత్రగత్తె కుప్పకూలుతుందనుకుంది, లేదా రెక్కలు విప్పి ఎగిరిపోతుందనుకుంది. ఆ ముసలామె రెండూ చెయ్యలేదు. తలుపుకి ఇంకా దగ్గరగా వచ్చింది. సందులోంచి ఆమె కన్ను కనిపించింది. నిండా నీళ్లు.

"గుర్తుపట్టావా?" అంది. "నిజంగా? ఎవరి పోలికే నాది? అక్క పోలికా?"

వాండా కెవ్వుమని అరిచి వెనక్కి పడింది. పొట్లంలోని పొగాకంతా ఒకేసారి నిప్పు మీద కుమ్మరించి, మూత సందు దగ్గర పెట్టి, బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదింది. అవతల దగ్గు వినిపించింది. "పో! చచ్చినదానివి చచ్చినట్టుండు! పో ఇక్కణ్ణించి!"

దగ్గు ఆగాక, "సరేలే తల్లీ. నిన్ను భయపెట్టాలని రాలేదు," అంది ఆ గొంతు. అడుగుల చప్పుడు నడవా దిగి దూరమైంది.

పోయింది! వాండా నేల మీద చతికిలబడి మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. పోయిందిరా దేవుడా అనుకుంది. అంతలో పెళపెళమని ఉరుము, కప్పు మీద రాళ్లు గుమ్మరించినట్టు వాన మొదలయ్యాయి. ఆ వానలోనే పరుగెత్తలేక పరుగెత్తుతున్న అడుగులు మళ్లీ నడవాలోకి వచ్చాయి. ఏదో బరువైనది చెక్కల మీద కూలబడింది, సరిగ్గా అమ్మమ్మ మంచం ఆనించి ఉన్న గోడకి అవతల. మధ్యలో ఒక్క దుంగ మందమే.

అదే క్షణంలో అమ్మమ్మ ఊపిరి గరగరమంది. తింటోంది! గోడలోంచే తింటోంది! వాండా వెళ్లి మంచానికీ గోడకీ మధ్య దూరి, తన వీపు దుంగకి అడ్డం పెట్టింది. ముందు నా ఆయుష్షు తిననీ, నాకు చాలా ఉంది కదా అనుకుంది. ఆ వీపుకి చలి తెలుస్తూనే ఉంది.

గోడ అవతల దగ్గు వినిపించింది.

అమ్మమ్మ కళ్లు తెరిచింది. "నడవాలో ఎవరున్నారు?"

"కుక్క."

"కుక్క అలా దగ్గదే."

"అమ్మమ్మా, నువ్వు పడుకో."

"ఏమే, అరుపులు విన్నాను. ఎవరితో అరుస్తున్నావు? నా మొహం చూసి చెప్పు."

వాండా ఇక ఆపుకోలేకపోయింది. "మంత్రగత్తె! నీకోసం వచ్చింది! ఐల్సీనని అబద్ధం చెప్తోంది. వంశం తెలీదంది, అమ్మ పేరు తెలీదంది, ఇంగ్లీషు మాట్లాడుతోంది. గుర్తుపట్టానని చెప్పేశా అమ్మమ్మా, అది చచ్చిపోతుంది, నువ్వేం భయపడకు!"

అమ్మమ్మ దుప్పటి తీసి పడేసింది. రెండు వారాలుగా పక్క మీంచి దిగని మనిషి రెండు కాళ్లూ నేల మీద పెట్టింది.

వాండా నడుం పట్టుకుని లాగింది. "వద్దు! తియ్యకు! చచ్చిపోతావు!"

"అందరం చస్తామే. ముందు జరుగు."

ఎముకలు తప్ప ఏమీ లేని ఒంటికి ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! వాండాని ఈడ్చుకుంటూనే తలుపు దాకా వెళ్లి, అడ్డకర్ర తీసి కింద పడేసింది.

తలుపు తెరుచుకుంది. ముసలామె లేచి నిలబడింది. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు, చూసుకున్నారు, ఎవరూ కదల్లేదు. అమ్మమ్మ గుర్తుపట్టలేదు. అది వాండాకి స్పష్టంగా తెలిసింది. తను పట్టుకున్న అమ్మమ్మ చెయ్యి గజగజ వణుకుతోంది. పాముని చీపురుతో నెట్టిన చెయ్యే అది. అమ్మమ్మ భయపడుతోంది!

"అడుగు," అంది అమ్మమ్మ. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. "బండి ఎక్కే రోజు ఏం జరిగిందో అడుగు దాన్ని."

వాండా అడిగింది.

ముసలామె తల దించుకుంది. "ఇక్కడే, ఈ నడవాలోనే. అక్క నన్ను పట్టుకుని వదల్లేదు. అందరూ వాళ్లే నన్ను లాక్కుపోయారనుకుంటారు కదా. కాదు తల్లీ. వాళ్లు మిఠాయి చూపించారు. నాకు వెళ్లాలనిపించింది. అక్క వదలకపోతే చెయ్యి కొరికాను. నెత్తురొచ్చింది. అప్పుడు వదిలింది."

వాండా ఒక్కో మాటా చెరోకీలో చెప్పింది. ఆ కొరకడం సంగతి అమ్మమ్మ ఎవ్వరికీ చెప్పలేదు, కన్న కూతురికి కూడా. వినడం అయ్యాక అమ్మమ్మ గడప దాటి ముందుకి తూలింది. ముసలామె ముందుకొచ్చి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆ చెక్కల మీద కూలబడ్డారు.

ఏడుపు కాస్త తగ్గాక అమ్మమ్మ వాండా వైపు తిరిగింది. "దీన్ని వంశం అడిగావా నువ్వు?"

"అడిగా. తెలీదంది."

"దానికెలా గుర్తుంటుందే, ఆరేళ్లకే పట్టుకుపోతే! ఇంటిదానివి నువ్వు. చెప్పాల్సింది పోయి అడుగుతావా? చెప్పు. మనది జింక వంశమని చెప్పు. అమ్మ పేరు వాకీ అని చెప్పు."

వాండా చెప్పింది. ముసలామె ఆ రెండు మాటలూ నోట్లో తిప్పుకుంటూ మళ్లీ మళ్లీ అంది, మర్చిపోతే ఎవరైనా లాక్కుంటారన్నట్టు. ఆమెకి కూడా అప్పట్లో ఇంటి దగ్గర అందరూ మశూచి వచ్చి పోయారనే చెప్పారట. కాలిఫోర్నియాలో ఒక లాండ్రీలో జీవితమంతా పని చేసింది. ఈ మధ్య ఈ కొండల నుంచి పనికొచ్చిన కుర్రపిల్లొకతె, గడప దాటని మొండి క్వేటీ గురించి నవ్వుతూ చెప్తుంటే విని, చేతిలోని బట్టలు అక్కడే పడేసి బస్సెక్కింది.

వాన తెరిపిచ్చే వేళకి మామ ట్రక్కు వచ్చింది. దిగిన మామా, పిజియన్ తాతా నడవాలో అమ్మమ్మని చూసి కొయ్యబారిపోయారు.

"వాండా, నా బూట్లు పట్రా," అంది అమ్మమ్మ. "ఒరేయ్, ఏం చూస్తావు? ఆసుపత్రికి పద."

"నిన్నటిదాకా గడప దాటనన్నావు కదే!"

"నిన్న ఇది రాలేదు కదరా."

"ఇదెవరు? ఏం జరిగింది? మరి ఇల్లంటే నీకు ప్రాణం కదా అమ్మా..."

"నా బొంద ప్రాణం!" అంది అమ్మమ్మ. దగ్గు తెర వస్తే ఆగి, మళ్లీ అందుకుంది. "కప్పు కురుస్తుంది, గోడలో పాములు, చలికాలం వేళ్లు కొంకర్లు పోతాయి. నాకేం ప్రేమరా దీని మీద? భయంరా. రోజూ భయమే. సంతకెళ్తే భయం. చర్చిలో పాట సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చేదాన్ని. చెల్లెలు పోయిందన్న ఆ తెల్లోడి మాట నేనెప్పుడూ నమ్మలేదు. నేను లేనప్పుడు ఇది వచ్చి, తలుపు తట్టి, ఎవరూ లేరనుకుని వెళ్లిపోతే? దానికి ఈ ఇల్లు తప్ప ఇంకేం గుర్తుంటుంది? ఒక్కసారి వెళ్లిపోతే మళ్లీ వస్తుందా?"

మామ అక్కడే బురదలో కూర్చుండిపోయాడు. పిజియన్ తాత టోపీ తీశాడు.

"ఏమంటోంది అక్క?" అని ముసలామె వాండాని అడిగింది. వాండా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. చెప్తుంటే, 'ఎవరూ లేరు' అని తను అన్న మాట చెవుల్లో హోరెత్తింది.

ముసలామె కోటు చేత్తో కళ్లు తుడుచుకుంది. "వెళ్లిపోయాను తల్లీ," అంది మెల్లగా. "నువ్వు పొమ్మన్నాక, రోడ్డు దాకా వెళ్లిపోయాను. సాయంత్రం బస్సు అందుకుందామనుకున్నా. మళ్లీ రావడం అయ్యేది కాదు. వాన పట్టుకోబట్టి వెనక్కొచ్చాను."

అప్పుడు వచ్చింది వాండాకి అసలైన భయం. మధ్యాహ్నం నుంచి పడిందంతా దీని ముందు ఏ మూలకీ కాదు. మంత్రగత్తె కాదు, గుడ్లగూబ కాదు. తనే. అరవై ఏళ్లు అమ్మమ్మ దేనికైతే భయపడుతూ కూర్చుందో అదే చేసి పెట్టింది తను, తలుపుకి అడ్డకర్ర వేసుకుని మరీ.

"ఏమంది?" అంది అమ్మమ్మ. మొహం పైకెత్తి, ఆ మాట కోసం ఆత్రంగా చూస్తోంది.

"వచ్చేశాను కదా అంటోంది," అంది వాండా.

అమ్మమ్మ నవ్వింది. మామ ఎత్తుకుని ట్రక్కులో కూర్చోబెడుతుంటే చెల్లెలి చెయ్యి వదల్లేదు. ఇంటి వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

అమ్మమ్మ బతికింది. ఆరేళ్లు బతికింది, చెల్లెలితో కలిసి, రోడ్డు పక్కన మామ కట్టిన చిన్న ఇంట్లో. అక్కచెల్లెళ్లిద్దరి మధ్యా మాటలన్నీ వాండానే మోసింది, తిట్లతో సహా. ఆ ఒక్క మాట తప్ప.